పంపినవారి పేరు లేకుండా

టన్నెల్ అంటుంది మా కోడలు యిట్కా. ఇంజన్లు పెట్టుకునే షెడ్డు అన్నాడట ఇవో. నా చేతిలో ఉన్న కాగితం మీద మాత్రం గోధుమరంగు పెన్సిల్‌తో గీకిన చిన్న మరక ఒకటి ఉంది, దానికి అటు ఒక సున్నా, ఇటు ఒక సున్నా, అంతకు మించి ఏమీ లేదు. నాలుగేళ్ల తొమ్మిది నెలల మా మనవరాలు అనెష్కా, క్రిస్మస్‌కి కానుకలు తెచ్చే బాలయేసుకి రాసుకున్న ఉత్తరం ఇది. కిటికీ గట్టు మీద పెట్టి పడుకుందట, పొద్దున్న లేచేసరికి మాయమైపోయిందని చప్పట్లు కొట్టిందట, మాయమైంది వచ్చి వచ్చి నా చేతిసంచీలో పడింది, కళ్లద్దాల పెట్టెకీ దగ్గుబిళ్లలకీ మధ్యన. దీన్ని చూసి ఏది కావాలో కనిపెట్టాలి. బొమ్మల కొట్లో గోడ మీద గడియారం మూడూ పది అంటోంది. నాలుగింటికి యిట్కా ట్రాం స్టాపు దగ్గరికి వస్తుంది, పొట్లం తీసుకుపోతుంది, ఇరవై నాలుగో తారీకు సాయంత్రం చెట్టు కింద పెడుతుంది. నేనక్కడ ఉండను.

ఎంత పెద్ద గోడ, తల్లీ, దీన్నిండా చెక్క రైలు బండి సామానే. వంతెనలు, రాతి వంతెనలా రంగు వేసినవి, ఎత్తితే లేచేవి, దారులు చీలే పట్టాలు, ఎర్ర తెల్ల చారల గేట్లు, స్టేషన్లు, స్టేషన్‌కి బెంచీలు, బెంచీల మీద కూర్చోడానికి గోరంత మనుషులు, ఆ మనుషులకి మళ్లీ పెట్టెలు. టన్నెళ్లే ఐదు రకాలున్నాయి, ఒకదాని మీద గొర్రెలు కూడా మేస్తున్నాయి. కొట్టావిడ స్లావీకొవా గారు మెడలో గొలుసుకి కళ్లద్దాలు వేలాడేసుకుని ఏదో అల్లుకుంటోంది, రెండుసార్లు తలెత్తి చూసింది, మొదటిసారి ఏం కావాలండీ అన్నట్టు, రెండోసారి సరే మీ ఇష్టం అన్నట్టు. బయట వీధి మొగలో పండగ చేపల తొట్టెలు పెట్టారు, తలుపు తెరిచినప్పుడల్లా నీచు వాసన లోపలికొస్తోంది. మా ఆయన ఒతాకర్ ఏటా ఆ తొట్టెల ముందు అరగంట నిలబడి చేపని ఎంచేవాడు, దాని మొహం నచ్చాలట, నాకు మొహం చూసి కట్టబెట్టలేదు కదా మిమ్మల్ని అనేదాన్ని నేను. పదకొండేళ్లయింది ఆయన పోయి. ఎడం చేత్తో సంచీలో తడుముకున్నాను, ఉంది, ఆ చెక్క ముక్క అక్కడే ఉంది.

అలమరా కింద దొరికింది, మొన్న అక్టోబరులో, చీపురు తగిలి బయటికొచ్చింది. జానెడు పట్టా ముక్క, ఒక కొసన గుండు, ఇంకో కొసన గుంట, మీద రెండు గాళ్లు చక్రాలకి, కింద నల్లగా కాల్చిన ఆర్ అక్షరం. ఆర్ అంటే రదిమ్, నా కొడుకు. మిగతా ముప్పై చిల్లర ముక్కలూ నిరుడు పెట్టెలో పెట్టి ఇచ్చేశాను కదా, ఇదొక్కటి ఎలా దాక్కుందో ఇన్నేళ్లూ. దొరికిన రోజు నేల మీదే కూలబడి దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఉండిపోయాను, పొయ్యి మీద బంగాళదుంపలు మాడి గిన్నె పాడైంది.

ఒతాకర్ చేశాడవి. మూడు నెలలు, సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా, సాయంత్రం కాగానే కింద బొగ్గుల గదిలోకి దిగిపోయేవాడు. తాగుతున్నాడనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, ఒకరోజు చెప్పుల్లేకుండా మెట్లు దిగి పట్టుకుందామని వెళ్లాను, చూస్తే ఏముంది, కుర్చీల కార్ఖానాలో పారేసే చెక్క తునకలు ముందేసుకుని మోకాలి మీద పెట్టి చిత్రిక పడుతున్నాడు, జుట్టు నిండా రజను. కొట్టు అద్దంలో ఒక రైలు సెట్టు చూశాడట, కొనేంత లేదు, అడిగి చేత్తో పట్టుకునేంత మొహమూ లేదు, అద్దం బయటినుంచే బొటనవేలు అడ్డం పెట్టి గుండు కొలత తీసుకున్నాడు. తర్వాత మేకు పొయ్యిలో ఎర్రగా కాల్చి ఒక్కో ముక్కకీ అడుగున అక్షరం పెట్టాడు. పండగ సాయంత్రం, బాలయేసు వచ్చి వెళ్లాడని గంట మోగింది, తలుపు తీశాను, రదిమ్ చెట్టు కింద బోర్లా పడుకుని ఒక్కో పట్టా తిప్పి చూస్తున్నాడు, నాలుగేళ్లవాడు, అప్పుడే వాడి అక్షరం వాడికి తెలుస్తోంది. నాన్నా, బాలయేసుకి నా అక్షరం తెలుసు అన్నాడు. ఆయనకి అందరి అక్షరాలూ తెలుసురా అన్నాడు ఒతాకర్. నా నాలుక చివరిదాకా వచ్చింది, మీ నాన్నే రా వెర్రివాడా, మూడు నెలలు నిద్రమానుకుని చేశాడు రా అని, బల్ల కింద నా పాదం మీద ఆయన పాదం వచ్చి కూర్చుంది, బరువుగా, వాడు పడుకోబోయేదాకా తియ్యలేదు. నీ నోట్లో నువ్వు గింజ నానదు లిబుషే, అనేవాడెప్పుడూ. ఆయనకెలా సాధ్యమైంది? చచ్చేదాకా చెప్పలేదు. రదిమ్‌కి ఎప్పుడు తెలిసిందో నాకు తెలియదు, తెలిసిందన్న సంగతి మాత్రం ఒతాకర్‌ని పెట్టెలో పడుకోబెట్టిన రోజు తెలిసింది, వాడు కోటు జేబులోంచి ఒక పట్టా ముక్క తీసి వాళ్ల నాన్న చేతి కింద దూర్చాడు, నా వంక చూడకుండా.

నేనేమో నలభై ఏళ్లు పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చున్నదాన్ని. పంపినవారి పేరు లేని పార్సెల్ తీసుకునేదాన్ని కాదు, ఎంత పెద్దమనిషి తెచ్చినా సరే వెనక్కి తోసేదాన్ని, పేరు రాయండి, ఊరు రాయండి, అందకపోతే ఎక్కడికి తిప్పి పంపమంటారు అని. బుద్ధి అక్కడే గడ్డకట్టుకుపోయింది కాబోలు. లేకపోతే నిరుడు అలా ఎందుకు చేస్తాను?

నిరుడు పండగ సాయంత్రం యిట్కా ఇంట్లోనే ఉన్నాను. యిట్కా నా కోడలు, రదిమ్ పెళ్లాం, ఇప్పుడు ఇవోతో ఉంటోంది, అనెష్కా ఇవోని నాన్నా అంటుంది, అనకేం చేస్తుంది, కన్నవాడు పోయేనాటికి దానికి రెండేళ్లయినా నిండలేదు. చేప తిన్నాం, బంగాళదుంపల సలాడు తిన్నాం, ఇవో నాకు రెండోసారి వడ్డించాడు, మంచివాడే, మంచివాడు కాకపోతే ఎంత బావుండేదో, హాయిగా తిట్టుకునేదాన్ని. లోపల గదిలో యిట్కా బుల్లి గంట మోగించింది. అనెష్కా పరిగెత్తింది. మొట్టమొదట నేను పెట్టిన పెట్టే విప్పింది, పట్టాలన్నీ తివాచీ మీద బోర్లించింది, ఒకటి తిప్పి ఆ నల్లటి గీతల మీద వేలు రాసింది. అచ్చం వాడు చేసినట్టే. నా కాలు మీద ఎవరి కాలూ లేదు. అవి మీ నాన్నవమ్మా అన్నాను. ఈ నాన్నవి కాదు, మీ అసలు నాన్నవి, మీ తాత చేశాడు, నేనే తెచ్చాను నీకు. పిల్ల నా వంక చూసింది, చెట్టు వంక చూసింది. మరి బాలయేసు మా ఇంటికి రాలేదా అంది. వచ్చాడు వచ్చాడు అన్నారు ఇవో, యిట్కా ఒకేసారి, మిగతావన్నీ ఆయనే తెచ్చాడు అన్నారు, అప్పటికే పాలు విరిగిపోయాయి. పిల్ల ఒక్కో పొట్లం పట్టుకుని ఇదెవరు తెచ్చారు, ఇదీ నానమ్మేనా అని అడుగుతూ అడుగుతూ ఏడుపందుకుంది, వెక్కిళ్లు పెట్టి ఏడ్చింది, మిగతా పొట్లాలు మర్నాటి దాకా విప్పలేదు. మా ఊళ్లో ఎంత చెడ్డ తాగుబోతైనా, పెళ్లాన్ని కొట్టేవాడైనా, ఆ ఒక్క సాయంత్రం నోరు జారడు. నేను జారాను.

వంటింట్లో యిట్కా కుళాయి తిప్పి వదిలేసి, నా మొహం చూడకుండా అంది.

"దానికి నాన్న ఎవరో నేను దాస్తాననుకున్నారా అత్తయ్యా? చెప్తున్నాను, ఫొటోలు చూపిస్తున్నాను. కానీ ఈ సాయంత్రం దానిది. మీది కాదు, నాది కాదు, ఆఖరికి రదిమ్‌ది కూడా కాదు."

నిజమే చెప్పింది. ఇంటికొచ్చి దుప్పట్లో దూరి, నిజం చెప్పినందుకే దాన్ని తిట్టుకున్నాను. ఈ ఏడు ఇరవై నాలుగుకి పిలుపు లేదు, ఇరవయ్యారున రమ్మంది మధ్యాహ్నం భోజనానికి. జనవరిలో వాళ్లు లిబెరెట్స్ వెళ్లిపోతున్నారు, ఇవోకి అక్కడ ఉద్యోగం, రైల్లో ఐదు గంటలు, దారిలో రెండు బళ్లు మారాలి. వేసవిలో పిల్లని రెండు వారాలు నా దగ్గర వదులుతావా అని అడిగాను, ఎంత మెల్లిగా అడిగానో. ముందు ఈ పండగ గడవనివ్వండి అత్తయ్యా, అప్పుడు చూద్దాం అంది. అంటే నా నోటిని చూద్దామని. పిల్ల నా ముందుకొచ్చి బాలయేసు తెచ్చాడని చూపిస్తే, నేను ఏమీ ఎరగని మొహం పెట్టుకుని ఆశ్చర్యపోవాలి. అది చెయ్యగలిగితే వేసవి ఉంది. లేకపోతే ఫొటోలు ఉన్నాయి, ఐదు గంటల దూరంలో పెరిగే పిల్ల ఫొటోలు, ఏడాదికో రెండు.

మూడూ ఇరవై ఐదు. సరే టన్నెలే కొనేద్దాం, గొర్రెలున్నదే, యిట్కా అదే చెప్పింది కదా, తప్పయితే తప్పు దానిది. పెట్టె చేతిలోకి తీసుకున్నాను. పెద్దదే, చూస్తే ఇంత పెద్దది తెచ్చాడా అనుకుంటుంది. అనుకునేది ఆయన్ని, నన్ను కాదు. అయినా గోధుమరంగు ఎందుకు, ఇక్కడి టన్నెళ్లన్నీ ఆకుపచ్చవే, దాని పెన్సిళ్ల డబ్బాలో ఆకుపచ్చ లేదా, నేనే కొన్నాను ఇరవై నాలుగు రంగులు. ఆ సున్నాలు రెండూ ఏమిటి? ఒకటి పెద్దది, గట్టిగా నొక్కి గీసింది, ఇంకోటి చిన్నది. పెద్దది ఇవో కొన్న సెట్టయి ఉంటుంది, బ్యాటరీ ఇంజనుతో. చిన్నది మాది. మా పట్టాల చుట్టు అంతే ఉంటుంది, గదిలో బీరువాకీ మంచానికీ మధ్య తివాచీ మీద, నవంబరులో వెళ్లినప్పుడు చూశాను, ఇవో దాన్ని తీసి అటక మీద పడెయ్యలేదు, పక్కపక్కనే పరిచి ఉంచాడు, రెండు చుట్లు. మోకాళ్ల మీద పాకుతూ అనెష్కా బండి తోస్తోంది. చుట్టు అంచుకి రాగానే ఆపి, అందరూ దిగండి, ఇక్కడ బండి మారాలి అంటోంది. బొమ్మల్ని దింపుతోంది, నడిపిస్తోంది, ఇవతలి బండి ఎక్కిస్తోంది. కాసేపటికి విసుగొచ్చి తినే రొట్టె అంచు చీల్చి, ఆ గోధుమరంగు చెక్కు రెండు చుట్లకీ మధ్యన ఆనించింది, దాని మీంచి ఇంజను తోసింది, చెక్కు విరిగి ఇంజను పల్టీ కొట్టింది. తినే తిండితో ఆటలేంటే అని నేనే కసిరాను. ఆ చెక్కు లాక్కుని నేనే నా జేబులో వేసుకున్నాను.

అయ్యో పిల్లా. అది టన్నెల్ కాదు.

గొర్రెల్ని మళ్లీ గోడకి పెట్టేశాను. పిల్లల కోసం వేసిన పొట్టి స్టూలు మీద కూర్చున్నాను, స్లావీకొవా గారు అల్లిక పక్కన పెట్టి వచ్చింది, నీళ్లు ఇమ్మంటారా అంది. నీళ్లు కాదండీ, ఇది చూడండి, కొన్న సెట్టు పట్టాలకి దీన్ని కలిపేది కావాలి అని సంచీలోంచి మా ముక్క తీసి ఇచ్చాను. రెండు వేళ్లతో తిప్పింది, చేత్తో చేసిందే అంది, అడుగున అక్షరం చూసింది. కొట్టు సరుకులోంచి నాలుగు రకాల పట్టాలు తెచ్చి ఆనించి చూసింది. మా గుండు లావు, ఏ గుంటలోనూ దిగడం లేదు. ఒతాకర్ బొటనవేలు కొలత మరి, ఏ కొట్లో దొరుకుతుంది? మీది కాస్త అరగదీస్తే దిగిపోతుందండీ అంది ఆవిడ. వద్దు అన్నాను, ఎంత గట్టిగా అన్నానంటే ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. దాన్ని ముట్టుకోవద్దండీ అన్నాను మెల్లిగా. ఆవిడ అరల్లో అన్నిటికంటే కింది అరలోంచి ఒక ముక్క తీసింది, అన్నిటికంటే పొట్టిది, నా చూపుడు వేలంత, రంగు లేదు, బొమ్మ లేదు, పెట్టె కూడా లేదు. అయితే కొత్తదాన్నే తొలుద్దాం అంది.

ఆకురాయి ఇచ్చింది, నేనే తోమాను. ఒక కొసన గుంటని పెద్దది చెయ్యాలి, మా గుండు పట్టేలా, రెండో కొస ఎలా ఉందో అలా ఉంటే ఇవో పట్టాల్లోకి దానంతటది దిగుతుంది. మరీ తొలవకండి, పక్క విరుగుతుంది అంటూ ఆవిడ పైనుంచి చూస్తోంది. రజను నా నల్ల లంగా మీద పడుతోంది, ఆ వాసన, బొగ్గుల గది వాసన, చెప్పుల్లేకుండా మెట్ల మీద నిలబడి తొంగిచూసిన రాత్రి ఆయన తల ఎత్తితే నేను దొరికిపోయేదాన్ని, ఎత్తలేదు, ఊదుతున్నాడు, చెక్క మీద రజను ఊదుతున్నాడు. నేనూ ఊదాను. రదిమ్ ఆ పొద్దున్న వీధి వాకిట్లో మంచు తోస్తూ కూలిపోయాడు, ముప్పై ఆరేళ్లకి గుండె ఆగడమేమిటి, నేను వెళ్లేసరికి వాణ్ణి తీసుకుపోయారు, పార మాత్రం మంచులో నిలబడి ఉంది, వాడు ఊడ్చినంత మేర దారి నల్లగా శుభ్రంగా ఉంది, గుమ్మం నుంచి సగం దాకా. మిగతా సగం ఎవరు తోశారో ఇప్పటికీ తెలియదు. మర్నాటికి తోసేసి ఉంది, ఎవరో పేరు చెప్పకుండా తోసి పోయారు, ఇన్నేళ్లలో ఒక్కసారైనా తలచుకోలేదు నేను వాళ్లని.

నాలుగోసారికి దిగింది. టక్కుమంది. మా పాత ముక్కా ఆ కొత్త పొట్టి ముక్కా బల్ల మీద ఒక దారయ్యాయి, స్లావీకొవా గారు కళ్లద్దాలు ఎత్తిపెట్టుకుని వేలితో దాని మీద రాసి, బండి ఆగదండీ, సాఫీగా పోతుంది అంది. అప్పుడే అడిగింది, పెన్నులాంటి ఒక కడ్డీకి తీగ తగిలించి వేడెక్కిస్తూ.

"పండగకి ఊరికే పేరు కాల్చి ఇస్తున్నాం. ఏం రాయమంటారు? నానమ్మలందరూ 'నానమ్మ నుంచి' అని రాయించుకుంటున్నారు, అడుగున, ఎవరికీ కనపడదు."

ఎవరికీ కనపడదు. ఎంత తియ్యటి మాట. అడుగునే కదా, ఇప్పుడు చదవడం రాదు కదా, ఎప్పుడో ఏడేళ్లకి తిప్పి చూసుకుంటుంది, అప్పటికి నేనుంటానో ఉండనో, నానమ్మ అని ఒకావిడ ఉండేదని తెలుస్తుంది. పోనీ ఆర్ పెట్టించనా, మిగతా ముక్కలన్నిటి మీదా అదే ఉంది, ఇదొక్కటీ వేరుగా ఎందుకు, ఇది కూడా వాడిదే అవుతుంది, వాడి దారి ఇవో పట్టాల అంచు దాకా వెళ్తుంది. నోరు తెరిచాను. కడ్డీ కొస ఎర్రబడుతోంది. పాదాల వంక చూసుకున్నాను, చెప్పు మీద కొంచెం మంచు కరిగి నీళ్లయింది, అంతే, ఏ బరువూ లేదు. నీ అంతట నువ్వే నోరు మూసుకోవాలి ఇక మీదట, లిబుషే. ఎవరూ తొక్కరు.

"అనెష్కా," అన్నాను. "పేరంతా వద్దు, మొదటి అక్షరం చాలు. బాలయేసుకి తెలిసిందంతే."

ఆవిడకేం అర్థమైందో ఏమో, నవ్వలేదు, తల వంచి కాల్చింది. సన్నటి పొగ లేచింది. నల్లగా కుదిరింది అక్షరం, ఒతాకర్‌ది కాస్త వంకరగా ఉండేది, ఇది తిన్నగా ఉంది. పాత ముక్క లాగి వేరు చేశాను, గట్టిగా పట్టింది, రావడానికి బలం కావలసివచ్చింది. కొత్తది నీలం కాగితంలో చుట్టింది ఆవిడ. పాతది నా కోటు జేబులో వేసుకున్నాను.

నాలుగుకి రెండు నిమిషాలుండగా వచ్చింది యిట్కా, ఎర్ర టోపీ, ముక్కు కూడా ఎర్రగా, ఉద్యోగంలోంచి పరుగున. పొట్లం అరచేతిలో తూచి చూసింది. ఇంతేనా అని మొహంలో కనిపించింది, పాపం దాచుకుంది.

"టన్నెలేనా అత్తయ్యా?"

"నన్నడుగుతావేం, తెచ్చేవాణ్ణి అడుగు."

పొట్లం సంచీలో పెట్టుకుంది. టోపీ సవరించుకుంది. ఇరవయ్యారున పన్నెండింటికల్లా వచ్చెయ్యండి, బాతు చేస్తున్నాను అంది. వేసవి మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, అది మిమ్మల్ని కోటు కూడా విప్పనివ్వదు, అన్నీ చూపించాలంటుంది, ముందే చెప్తున్నా అంది. చూపించనీ అన్నాను. ట్రాం వచ్చింది.

కిటికీ పక్కన కూర్చున్నాను. బయట చీకటి పడుతోంది, అద్దంలో నా మొహమే కనిపిస్తోంది, దాని వెనక చేపల తొట్టెల దగ్గర దీపాలు. జేబులో బొటనవేలు ఆ అక్షరం మీద ఉంది. ఇరవై నాలుగు సాయంత్రం గంట మోగుతుంది, అనెష్కా పరిగెత్తుతుంది, ఇంత చిన్న పొట్లం ఏమిటా అని విప్పుతుంది, తిప్పుతుంది, దాని అక్షరం దానికిప్పుడే తెలుస్తోంది. అప్పుడా మొహం ఎలా ఉంటుందో నేను చూడను. రదిమ్ మొహం చూశాను కనుక కొంత తెలుసు, అంతే. అబ్బ, ఎంత బావుందో, ఎవరు తెచ్చారమ్మా నీకిది, అన్నాను అద్దంతో.  బాలేదు, ఇట్టే దొరికిపోతాను. కళ్లు ఇంకొంచెం పెద్దవి చేసి మళ్లీ అన్నాను, ఎవరు తెచ్చారమ్మా, ఎదురు సీటాయన ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు. ఈసారి మరీ తెలిసినట్టుంది. ఎవరు తెచ్చారమ్మా. ఫరవాలేదు, ఇంకా తొమ్మిది రోజులుంది.